రెండు బారల దూరం

ఆ ఇంట్లో తెల్లవారడమంటే సూర్యుడు రావడం కాదు, మిషను మోగడం. చెప్పుల డబ్బా అంత మిషను, దానికో గొట్టం, గొట్టం చివర మాస్కు. ఐదున్నరకల్లా పద్నాలుగేళ్ళ అమ్మాయి మంచం అంచున కూర్చుని, నిద్ర కళ్ళు విప్పకుండానే, ఆ మాస్కులోంచి ఉప్పునీటి ఆవిరి పావుగంట సేపు పీల్చాలి. తర్వాత ఒక పక్కకి తిరిగి పడుకుంటే తల్లి అరచేతులు దొప్పలు చేసి వీపు మీద, పక్కటెముకల మీద దరువు వెయ్యాలి. ఇరవై నిమిషాలు. ఆ తర్వాత, లోపల ఉక్కు గోళీ ఉన్న పొట్టి గొట్టం ఊదాలి. గోళీ గలగల కొట్టుకుంటే ఆ అదురు ఊపిరితిత్తుల్లోకి పోయి, లోపల జిగురులా పట్టుకున్న కఫాన్ని కదుపుతుంది. కదిలినదాన్ని, అద్దం మీద ఆవిరి పట్టించినట్టు గొంతు తెరిచి ‘హా’ అంటూ పైకి తోసి, దగ్గి ఉమ్మాలి. అదయ్యాక తాడాట, ఒళ్ళు చెమట పట్టేదాకా. సాయంత్రం మళ్ళీ మొదటినుంచీ.

సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే ఆ జబ్బు పిల్లకి పుట్టుకతోనే వచ్చింది. ఊపిరితిత్తుల్లో పల్చగా ఉండాల్సిన తడిని బంకలా చేసే జబ్బు. చెమటలో మాత్రం ఉప్పు పొంగిపోతుంది. నెలల పిల్లప్పుడు నుదుటి మీద ముద్దు పెట్టుకుని, “ఇదేంటే, పిల్ల ఉప్పగా ఉంది!” అని నవ్వాడు తండ్రి. ఆ నవ్వుతోనే ఏడాది గడిపేశాడు. ఆ మాటని డాక్టరు దాకా మోసుకెళ్ళింది ఇల్లాలు. ఆయన కూతురికి ఉప్పుపాప అని ముద్దుపేరు పెట్టి తన వంతు అయిపోయిందనుకున్నాడు. ఆయనది కళ్ళద్దాల షాపు. ఊళ్ళో అందరి చూపూ సరిచేస్తాడు.

ఇన్నేళ్ళలో ఇల్లాలికి మనుషుల మీద ఉన్న గౌరవం కాస్తా అరిగిపోయింది. చుట్టాల్లో ఒకాయన, “దగ్గు మందు రెండు చెంచాలు పట్టించండి, టక్కున ఆగుతుంది” అన్నాడు. ఆగితే కఫం లోపలే కుళ్ళుతుందని ఆయనకి ఎవరు చెప్పాలి? పక్కింటావిడ, “ఆడపిల్లని అలా గంతులు వేయించకండి, అసలే నీరసం మనిషి” అంది. ఆ గంతులే పిల్లకి సగం మందని ఆవిడకి తెలియాలంటే ఇంకో జన్మ ఎత్తాలి. అందరికీ ఇల్లాలి జవాబు ఒక్కటే: “అలాగేనండి.” ఆ మాటని ఆవిడ అన్నంత చులకనగా తిట్టు తిట్టడం కూడా ఎవరివల్లా కాదు.

ఆవిడ మనుషుల్ని దరువుతో తూచేది. సరిగ్గా వేస్తే ఖాళీ డబ్బా మీద వేసినట్టు బోలుగా మోగాలి, పిల్లకి నొప్పి పుట్టకూడదు. భర్త వేస్తే తడిబట్ట బండకేసి కొట్టినట్టుండేది. మూడో రోజుకి ఆయన్ని ఆ పనినుంచి తప్పించింది. అత్తగారు ఉన్నన్నాళ్ళూ పసిపాపని జోకొట్టినట్టు వేసి, “చాలమ్మా, పిల్ల నిద్రపోయింది” అని మురిసిపోయేది. ఆసుపత్రిలో ఫిజియో అమ్మాయి ఒక్కతే సరిగ్గా వేస్తుంది, కానీ దానికి ఆమెకి జీతం ఇస్తారు కాబట్టి అందులో గొప్పేమీ లేదు.

ఛాతీ ఆసుపత్రిలో ఈ జబ్బు పిల్లలకి రెండు రోజులు కేటాయించారు. ఊపిరితిత్తుల్లో మొండి క్రిమి చేరినవాళ్ళకి సోమవారం, చేరనివాళ్ళకి గురువారం. గురువారం వాళ్ళలోనూ ఒక్కొక్కరికీ వేరే గది, వేరే వేళ. ఎందుకంటే, మామూలు మనుషుల జోలికి రాని క్రిములు ఈ జబ్బున్న ఇద్దరు ఒకచోట కూర్చుంటే చాలు, ఒకరి దగ్గులోంచి ఇంకొకరి ఊపిరితిత్తుల్లోకి మకాం మారుస్తాయి. ఒకసారి కాపురం పెట్టాయంటే ఖాళీ చేయించడం బ్రహ్మతరం కాదు. ఆరుబయట ఎదురుపడినా రెండు బారల దూరం ఉండాలని ఫిజియో అమ్మాయి మొదటిరోజే చెప్పింది. కాబట్టి అమ్మాయి బుద్ధెరిగాక తనలాంటి మనిషిని ఒక్కరినీ చూడలేదు. తను వెళ్ళేసరికి, ముందువాళ్ళు కూర్చున్న కుర్చీ తుడిచిన తడి కనిపించేది, అంతే.

“సోమవారం వాళ్ళంటే ఎలా ఉంటారమ్మా?” అని అడిగింది ఒకసారి.

“వాళ్ళమ్మలకి గొట్టాలు మరిగించే తీరిక లేనివాళ్ళు,” అంది ఇల్లాలు, మరుగుతున్న నీళ్ళలోంచి తమ గొట్టాన్ని పట్టకారుతో తీస్తూ.

ఆ మరుగునీళ్ళ పుణ్యమా అని ఆవిడకో బిరుదు కూడా ఉంది. ఇచ్చింది ఆడపడుచు, భర్తకి అక్క. ముప్పై ఏళ్ళు ఆడపిల్లల బడిలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది. బడి ఆవిణ్ణి వదిలింది కానీ ఆవిడ బడిని వదల్లేదు. వీధిలో ఇద్దరు మాట్లాడుకుంటుంటే మూడోమనిషిగా వెళ్ళి తప్పులు దిద్దేది. రిటైరైన ఏడాదికే ఓ హాలు అద్దెకి పట్టి, ‘శ్వాస మిత్రమండలి’ అని బోర్డు కట్టి, ఇరవైమంది ఆడవాళ్ళని పోగేసి గాలి పీల్చడం నేర్పడం మొదలుపెట్టింది. అంతవరకూ వాళ్ళంతా ఎలా బతికారో ఇల్లాలికి అంతుపట్టలేదు.

ఓ సాయంత్రం ఆవిడ వచ్చి, సోఫాలో కూర్చుని, బల్ల మీద వేలితో ధూళి ఉందేమో చూసుకుని మొదలుపెట్టింది.

“ఏం మరుగునీళ్ళ మహారాణీ, పిల్లని ఇంకా గాజుబొమ్మలా బీరువాలోనే పెడుతున్నావా?”

“అమ్మాయి బడికి వెళ్తోంది వదినా. నిన్న పరుగుపందెంలో మూడోది.”

“అదే నేననేది! నలుగురిలో తిప్పాలి. ఆదివారం పదింటికి మా హాలుకి తీసుకురా. నూట యాభై గంతులు ఆపకుండా వేస్తుందట కదా? మావాళ్ళ ముందు వేసి చూపించమను. ముప్పైకే కూలబడతారు, మొద్దు మొహాలు. సిగ్గన్నా వస్తుంది.”

“ఆదివారం మా…” అంటూ, పక్కనే ఉన్న భర్త భార్య మొహం చూశాడు. ఏదైనా వాక్యం పూర్తిచేసే ముందు ఆ మొహం చూడటం ఆయనకి అలవాటు. “వెళ్తే పోలా? అక్క అంతగా అడుగుతోంది.”

అమ్మాయి అప్పటికే తాడు చేతికి చుట్టుకుని నిలబడింది. “నూట యాభై కాదత్తయ్యా, నూట తొంభై రెండు.” ఆ కళ్ళు చూశాక ఇల్లాలికి కాదనబుద్ధి కాలేదు. నలుగురి ముందైతే పిల్ల ఇంకో పాతిక ఎక్కువే వేస్తుంది, ఊపిరితిత్తులకి మంచిదేగా అనుకుంది.

“ఇంకో ముచ్చట కూడా ఉంది,” అంది ఆడపడుచు లేస్తూ, గుట్టుగా నవ్వి. “అది అక్కడికొచ్చాకే.”

ఆదివారం వెళ్ళారు. ఆయన బండి పెట్టుకోడానికి నీడ వెతుక్కుంటూ వెనక ఉండిపోయాడు. గుమ్మంలో చిన్న బల్ల, బల్ల మీద రిజిస్టరు, రిజిస్టరు వెనక ఓ లావుపాటి సభ్యురాలు. పేరు, ఫోను నంబరు, వచ్చిన వేళ, వచ్చిన కారణం, సంతకం. పెళ్ళికి పిలిచినా సంతకం పెట్టించుకునే రకం ఆడపడుచు.

“పిల్లని లోపలికి పంపించండి, మేడమ్‌గారు కంగారు పడుతున్నారు. మీరు రాయండి,” అంది సభ్యురాలు.

ఇల్లాలు రాసింది. పెన్ను పలకలేదు. విదిలిస్తే ఇంకు చీర మీద పడింది. ఇంకో పెన్ను వెతికారు. వచ్చిన కారణం అన్న గడిలో ఏం రాయాలో తోచక ‘పిలిచారు కాబట్టి’ అని రాసి తలెత్తింది. తలుపుకున్న అద్దంలోంచి హాలంతా కనిపిస్తోంది. కిటికీలన్నీ మూసి ఏసీ వేశారు. చాపల మీద ఆడవాళ్ళు. వేదిక మీద కూతురు. కూతురి చేతిలో పొట్టి గొట్టం.

మన గొట్టం ఇక్కడికెలా వచ్చింది అని మొదట అనుకుంది. వెంటనే గుర్తొచ్చింది: తమ గొట్టం ఇంట్లో శుభ్రమైన బట్ట మీద ఆరుతోంది. ఇలాంటిది ఏ షాపులోనూ దొరకదు. ఛాతీ ఆసుపత్రిలో ఇస్తేనే ఉంటుంది.

తలుపు తోసుకుని వెళ్ళింది.

“వదినా, అదెక్కడిది?”

“వచ్చావా! అదేనమ్మాయ్ ముచ్చట!” ఆడపడుచు చేతులు చాచి సభవైపు తిరిగింది. “మన పిల్లకి ఇన్నాళ్ళూ తోడు లేదు. మా వీధి చివర ఇళ్ళల్లో ఉన్న పిల్లాడికీ అచ్చం ఇదే జబ్బు! వెతికి పట్టుకున్నాను. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని ఊదుకుంటారు, గంతులేసుకుంటారు. ఒంటరితనం పోతుంది. ఇందాక వాడు ఊది చూపిస్తే మావాళ్ళు చప్పట్లు కొట్టారనుకో!”

చాపల మీద ఆడవాళ్ళు ఇంకోసారి చప్పట్లు కొట్టారు.

వేదిక పక్క తలుపు తెరుచుకుంది. ముందు దగ్గు వచ్చింది, తర్వాత మనిషి వచ్చాడు. అడుగునుంచి తవ్వుకొచ్చే దగ్గు, తడి దగ్గు. ఇలాంటిదాన్ని వెయ్యి దగ్గుల్లో ఉన్నా ఇల్లాలు పోల్చుకోగలదు. పదహారేళ్ళుంటాయి పిల్లాడికి. ముఖం కడుక్కుని చేతిరుమాలుతో తుడుచుకుంటూ వస్తున్నాడు. బల్ల మీద తను పెట్టివెళ్ళిన గొట్టం కోసం చూశాడు.

ఇల్లాలు చెప్పులతోనే చాపల మీదుగా నడిచింది. “చెప్పులు! చెప్పులు!” అని గోల పుట్టింది. కూతురి చేతిలోంచి గొట్టాన్ని ఒక్క దెబ్బతో ఎగరగొట్టింది. అది నేలమీద పడి, లోపలి గోళీ గలగలమంటూ వేదిక చివరిదాకా దొర్లింది. అప్పటికే కూతురి రెక్క పట్టుకుని బయటికి లాగేసింది.

“నోట్లో పెట్టావా?”

“లేదు.”

“నా మొహం చూసి చెప్పు.”

“లేదంటే లేదమ్మా!” అంది అమ్మాయి, రోడ్డు వైపు చూస్తూ.

వెనకే ఆడపడుచు, ఆవిడ వెనక సగం మండలి. ఆవిడ కోపంలో ఉన్నా ఆవిడ తెలుగులో పొల్లు కూడా జారదు.

“ఏమిటీ అనాగరికం? తల్లి లాంటి దాన్ని, నలుగురిలో నా పరువు తీస్తావా? పాపం ఆ పిల్లవాణ్ణి చూసి పాముని చూసినట్టు పారిపోతున్నావు. చదువుకున్నదానివి కూడాను! ఏం, అంటరానివాడా వాడు?”

ఇల్లాలు అలాగేనండి అనలేదు. “వాడు కాదు వదినా,” అంది. “ఈ ఇద్దరూ ఒకరికొకరు అంటకూడనివాళ్ళు. ఈ సంగతి మీకు ఎన్నిసార్లు చెప్పానో లెక్క కూడా నా దగ్గర లేదు. నేను చెప్తున్నప్పుడు మీరు నా తప్పులు దిద్దుతూ ఉన్నారు.”

“మనసుంటే ఏ క్రిమీ ఏమీ చెయ్యదు. ముప్పై ఏళ్ళు పిల్లల్ని పెంచినదాన్ని…”

“ఓ మేడమ్‌గారూ!”

ఆ గొంతు హాలు గోడలు దాటి వచ్చింది. భవనం అవతలి మూల నుంచి ఓ సన్నపాటి ఆవిడ కొడుకుని వెనక్కి నెడుతూ వస్తోంది. సిటీ బస్సులో కండక్టరట. నిండిన బస్సులో వెనక సీటుదాకా వినిపించడానికి తయారైన గొంతు. ఆవిడ దగ్గరికి రాలేదు. కొడుకుని రోడ్డుకి అవతల చెట్టు కింద నిలబెట్టి, తను రోడ్డు మధ్య గీత దగ్గర ఆగింది.

“నాతో ఏం చెప్పారు మీరు? ఊపిరి గురించి ప్రసంగం ఉంది, మావాడు ఊది చూపిస్తే చాలన్నారు. ఇంకో పిల్ల ఉందని చెప్పారా? చెప్పారా అంట? నేను మంచినీళ్ళ సీసా తెద్దామని వెళ్ళొచ్చేలోపు మావాడి గొట్టం ఎత్తి ఆ పిల్ల చేతిలో పెడతారా? మావాడి ఊపిరితిత్తుల్లో పదమూడేళ్ళ నుంచీ ఆ పురుగు కాపురం ఉంటోంది. తెలుసా మీకు?”

“నేను మంచి ఉద్దేశంతో…”

“ఉద్దేశం ఉడకబెట్టుకోండి! ముందు ఆ గొట్టం ఇవ్వండి, ఎక్కడ దొర్లిందో. ఇంటికెళ్ళి మరిగించాలి.” తర్వాత ఇల్లాలి వైపు తిరిగి, గొంతు సగానికి దించి, అయినా రోడ్డంతా వినిపించేలా అంది, “అమ్మా, మీ పాప నోట్లో పెట్టిందా?”

“లేదంటోంది.”

కండక్టరు ఆ ‘అంటోంది’ అన్న మాటని అర్థం చేసుకున్నట్టు తలాడించింది. “నా నంబరు రాసుకోండి,” అని పది అంకెలూ బస్సు స్టాపుల పేర్లు చెప్పినట్టు అరిచి చెప్పింది. ఇల్లాలికి పెన్ను దొరికింది రిజిస్టరు బల్ల మీదే. ఈసారి మాత్రం పలికింది. అంకెలు అరచేతిలో రాసుకుంది.

రోడ్డుకి ఈ పక్క అమ్మాయి, ఆ పక్క పిల్లాడు. వాడు చెయ్యి ఎత్తాడు. అమ్మాయి కూడా ఎత్తింది.

అప్పుడే భర్త నీడ దొరికిన సంతోషంతో వచ్చాడు. “అయిపోయిందా? ఎన్ని గంతులేసింది?”

ఇంటికి వెళ్ళగానే నోరు పుక్కిలించడం, బట్టలు నానబెట్టడం, ఫిజియో అమ్మాయికి ఫోను. ఆమె పూర్తిగా విని, “ఇప్పుడు చెయ్యగలిగింది పెద్దగా ఏమీ లేదమ్మా,” అంది. “నాలుగు వారాలు ఆగి కఫం పరీక్ష చేద్దాం. క్రిమి చేరితే అప్పుడు కనిపిస్తుంది, మొదట్లోనే పట్టుకుంటే మందులతో తరమడానికి అవకాశం ఉంటుంది. ఈలోపు ఒక్క పూట కూడా మానకండి. కఫం రంగు మారినా, జ్వరం వచ్చినా ఆ రోజే వచ్చెయ్యండి.”

“ఏం కాదులే,” అన్నాడు భర్త. “అయినా అక్కని అందరి ముందు అలా అనకుండా ఉండాల్సింది. పాపం, అప్పటినుంచీ తలనొప్పట.”

ఇల్లాలు ఆయన వైపు చూసింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

నాలుగు వారాలు. అంతకుముందు పొద్దున్నా సాయంత్రమూ ఒక్కో పక్క పది నిమిషాలు వేసే దరువు పన్నెండయింది. తాడాట అయ్యాక మళ్ళీ ఓ విడత ‘హా’. దగ్గిన ప్రతి తెల్ల కాగితాన్నీ ఇల్లాలు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతుర్లో పెట్టి చూసేది. ఆ నెలంతా ఆవిడకి లోకంలో అందరూ పనికిమాలినవాళ్ళలాగే కనిపించారు: ఆడపడుచు సరే సరి, ఆవిణ్ణి కన్న అత్తగారు, గుమ్మంలో రిజిస్టరు పెట్టిన సభ్యురాలు, పలకని పెన్ను తయారుచేసినవాడు, చప్పట్లు కొట్టిన ఇరవైమంది.

కండక్టరు మాత్రం రోజూ మధ్యాహ్నం బస్సు మారే వేళకి ఫోను చేసేది. “రంగు ఎలా ఉంది?” అదీ ఆవిడ పలకరింపు.

“తెల్లగానే ఉంది.”

“బతికిపోయాం. మావాడు అన్నం తినట్లేదు, తన వల్లే అని. వాడికేం తెలుసు పాపం, నోరు కడుక్కోడానికి వెళ్ళాడు.”

మూడో ఫోనులోనో నాలుగో ఫోనులోనో ఇల్లాలు అడిగేసింది. “మీవాడికి ఆ క్రిమి ఎలా పట్టిందండీ?” గొట్టాలు మరిగించేవారా అని అడగబోయి ఆ ముక్క మింగింది.

“అప్పట్లో ఆస్పత్రిలో ఈ రోజుల లెక్క లేదు కదమ్మా. అందర్నీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టేవాళ్ళు. మావాడి పక్కన ఓ చిన్నపిల్ల, బొమ్మల పుస్తకం చూపించింది. ఇద్దరూ తలలు ఆనించి చూసుకున్నారు. ముద్దొచ్చింది, నేనే ఇంకాస్త జరిగి చోటిచ్చాను.” కాసేపు బస్సు చప్పుడు. “నాకు మొదటి బస్సు ఐదూ నలభైకి. మూడున్నరకి లేచి వీపు దరువేసి, ఆవిరి మిషను మాస్కు మరిగించి పెట్టి వెళ్తా. ఒక్కరోజు మానలేదు. అయినా ఎక్కింది. ఉంటానమ్మా, బస్సు కదిలింది.”

ఇల్లాలు ఫోను పెట్టేసి గిన్నెలో మరుగుతున్న నీళ్ళ దగ్గర చాలాసేపు నిలబడింది. నీళ్ళు అడుగంటాయి.

మూడో వారంలో ఓ పొద్దున్న, ఎడమ పక్క దరువు సగంలో ఉండగా, “ఆపమ్మా,” అంది అమ్మాయి.

“నొప్పిగా ఉందా?”

“కాదు. నేను ఊదాను.”

తల్లి చేతులు పిల్ల పక్కటెముకల మీదే ఆగిపోయాయి.

“ఎన్నిసార్లు?”

“రెండుసార్లు. నువ్వు పెన్ను విదిలిస్తున్నావు అప్పుడు.”

“అత్త ఊదమందా?”

“అంది. కానీ అది వాడిదని నాకు తెలుసు. లోపలికి వెళ్ళేముందు తలుపు అద్దంలోంచి చూశా వాణ్ణి. మోచేతులు బల్ల మీద పెట్టుకుని ఊదుతున్నాడు, నాలాగే. చివర్లో నాలాగే బుగ్గలు ఉబ్బిపోకుండా పట్టుకుంటున్నాడు.” పిల్ల దిండులోకి మాట్లాడుతోంది. “నువ్వు చెప్పినట్టు లేడు వాడు.”

“నేనెలా చెప్పాను?”

“మురికిగా ఉంటారన్నట్టు చెప్పావు. వాళ్ళమ్మలు పట్టించుకోరన్నట్టు. నువ్వు ఎవరి గురించి చెప్పినా అలాగే చెప్తావు. నేను నిజంగా ఎవర్ని నమ్మాలో నాకు తెలీదు.”

ఇల్లాలికి అలవాటు ప్రకారం ఎవరినో ఒకర్ని తప్పుపట్టాలనిపించింది. గదిలో వెతికింది. మంచం మీద పిల్ల ఉంది, మంచం పక్కన తను ఉంది. ఇంకెవరూ లేరు. ఆడపడుచుని తిట్టుకుందామన్నా ఆవిడ గొట్టం అందించిందంతే. అందుకున్న పిల్లకి, రెండు బారల దూరం ఎందుకో చెప్పాల్సిన మనిషి ఎదుటివాళ్ళని వెక్కిరించి సరిపెట్టింది. పాఠానికి బదులు ఎకసెక్కం చెప్పింది. ఆ విషయంలో ముప్పై ఏళ్ళ హెడ్మిస్ట్రెస్‌కీ తనకీ పెద్ద తేడా ఉన్నట్టు తోచలేదు.

“వాళ్ళమ్మ మూడున్నరకి లేస్తుందట,” అంది చివరికి. “నాకన్నా రెండు గంటల ముందు. వాడికి బెంచీ మీద ఎవరి పక్కనో కూర్చుంటే అంటుకుంది. మంచి పిల్ల పక్కనే. మురికికీ దీనికీ సంబంధం లేదు. నేను తప్పు చెప్పాను.”

అమ్మాయి తల తిప్పి చూసింది. తల్లి నోట ఆ చివరి ముక్క విన్న గుర్తు ఆ పిల్లకి లేదు.

“నాకు అంటుకుందంటావా?”

“తెలీదు. ఇంకో తొమ్మిది రోజులు. తిరుగు, కుడిపక్క.”

ఆ సాయంత్రం కండక్టరుకి ఇల్లాలే ఫోను చేసింది. పిల్లలిద్దరికీ ఫోనులో బొమ్మ కనిపించేలా పెట్టి, చెరో ఇంట్లో చెరో గొట్టం ఊదుకోమన్నారు. ఫోనులోంచి ఏ క్రిమీ రాదు కదా. మొదటి రెండు రోజులూ ఇద్దరూ సిగ్గుపడి చచ్చారు. మూడో రోజు పిల్లాడు, “హా అంటే హా అనాలి. నువ్వు పిల్లి తుమ్మినట్టు అంటున్నావు,” అన్నాడు.

“నీది గేదె ఈనినట్టుంది,” అంది అమ్మాయి.

ఆ రోజు వచ్చినంత కఫం ఆ నెలలో ఎప్పుడూ రాలేదు.

గురువారం నమూనా ఇచ్చి వచ్చారు. ఆ తర్వాత వారానికి ఆసుపత్రినుంచి ఫోను వచ్చింది. ఇల్లాలు కుర్చీ అంచున కూర్చుని వింది. క్రిమి లేదు. ఈసారికి లేదు. మూడు నెలలకి మళ్ళీ చూస్తారు. మొదట కండక్టరుకి చెప్పింది. అవతల నిండు బస్సులో ఆవిడ “హమ్మయ్య!” అని అరిచిన అరుపుకి ఎవరో దిగాల్సిన స్టాపు వచ్చిందనుకుని గంట కొట్టారు. తర్వాత భర్తకి చెప్పింది. ఆయన, “నేను చెప్పలా, ఏం కాదని?” అని, చెప్పాల్సిన చోట వెంటనే చెప్పేశాడు.

మర్నాడు పొద్దున్న దరువు మధ్యలో ఆడపడుచు ఫోను. చేతులు ఖాళీ లేవు కాబట్టి అమ్మాయే మీట నొక్కి, ఫోనుని దిండు పక్కన పెట్టింది. ఆవిడ గొంతు గదంతా నిండింది.

“చూశావా అమ్మాయ్? ఏమైంది? ఏమీ కాలేదు! తమ్ముడు చెప్పాడులే. ఆ రోజు నువ్వు చేసిన యాగీకి నా మండలిలో తొమ్మిదిమంది మానేశారు. పోనీ, నేను మనసులో పెట్టుకోను. చదువు చెప్పినవాళ్ళం, క్షమించడం మాకు అలవాటే. కానీ ఇప్పుడన్నా ఒప్పుకో, అంత భయం అక్కర్లేదని. పిల్ల నిక్షేపంలా ఉంది కదా?”

“ఉంది వదినా,” అంది ఇల్లాలు, చేతులు ఆపకుండా.

“అందుకే వచ్చే నెల పెద్ద హాలు మాట్లాడాను. ఇద్దర్నీ చెరో చివర కూర్చోబెడతాను. మధ్యలో ఫ్యాన్లు వేయిస్తాను, గాలి అటూ ఇటూ బాగా ఆడేట్టు. ఏమంటావు?”

గాలి అటూ ఇటూ ఆడాలట. ఇల్లాలు ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది.

“హాలు మీ ఇష్టం వదినా. మా పిల్ల రాదు, ఆ పిల్లాడూ రాడు. వాళ్ళమ్మతో మాట్లాడాలనుకుంటే మీరే మాట్లాడండి. ఐదూ నలభై బస్సులో ఉంటుంది.”

ఆవిడ హాలు మాట వదిలేసింది. కండక్టరు గొంతు గుర్తొచ్చి ఉంటుంది. ఇంతలో, “ఏమిటమ్మాయ్ ఆ చప్పుడు?” అంది ఆవిడ. “మీ ఇంటి తలుపు ఎవరో బాదుతున్నట్టున్నారు. వెళ్ళి చూడు.”

అమ్మాయి భుజాలు కదిలాయి. ఇన్నేళ్ళుగా ఇంటికొచ్చిపోతూ, ఊపిరి మీద ఉపన్యాసాలిచ్చే అత్త ఆ చప్పుడేమిటని అడుగుతోంది. పిల్లకి నవ్వాగలేదు. నవ్వు దగ్గయింది, దగ్గు లోతుకెళ్ళి పెద్ద ముద్దనే పైకి తెచ్చింది. ఇల్లాలు కాగితం అందించి, తీసుకుని, కిటికీ దగ్గర వెలుతురుకి పెట్టి చూసింది. తెల్లగా ఉంది.

“ఎవరూ లేరు వదినా,” అంది వెనక్కొచ్చి. “మాకింకా ఒక పక్క మిగిలింది.” ఫోను కట్టేసి, పిల్లని తిరగమంది.